పల్లవి జనానిది

చిక్కబళ్ళాపురం జిల్లాలో దిబ్బూరహళ్ళి, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలు కన్నడనాటివే అయినా, ఇక్కడ చాలా ఇళ్ళలో మాట తెలుగు. భజన కూడా తెలుగే. దానికి పెద్ద ఆధారం కైవార తాతయ్య తత్వాలు. గాజులమ్మిన నారాయణప్పే యోగి అయి, కైవార తాతయ్యగా పేరుపొంది తెలుగు, కన్నడాల్లో కీర్తనలు, తత్వాలు చెప్పారు. జీవితకాలం 1726–1836 అని సంప్రదాయం. ‘అమరనారేయణ’ ఆయన ముద్ర.

భజనలో ఒకరు పల్లవి ఎత్తుకుంటే మిగిలినవారు వంత అందుకుంటారు. చరణం తెలియకపోయినా చిక్కులేదు, పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది కనుక మూడోసారికి నోటికెక్కుతుంది. చరణం ముగిసి పల్లవి అందుకునేచోట ముందు పాడేవారు గొంతు తగ్గించాలి. అక్కడే కొత్తగొంతుకు చోటు దొరుకుతుంది. శ్రుతి కూడా ముసలివారికీ పిల్లలకూ అందేలా ఉండాలి. హెచ్చు శ్రుతి పాడినవారికి చప్పట్లు తెస్తుంది గానీ వంతను చంపేస్తుంది.

పాట రానివారికి తాళం ఉంది. చిడతలో, తాళాలో చేతికిస్తే చాలు. అవీ లేకుంటే చప్పట్లు. చెక్కభజనలో, కోలాటంలో అడుగు కూడా తోడవుతుంది కాబట్టి కొత్తవారిని ఆరితేరిన ఇద్దరి మధ్య నిలబెడితే పక్కవారిని చూసే నేర్చుకుంటారు. నడక మెల్లగా మొదలై క్రమంగా ఉరకలెత్తాలి. తొందరపడి వేగం పెంచితే కొత్తవారు వరసలోంచి జారిపోతారు. తమటె అనే డప్పు సంగతి వేరు: వాయించడానికి ఏళ్ళ సాధన కావాలి, జనం పాలు చిందులే. ఈ జిల్లాకే చెందిన పిండిపాపనహళ్ళి మునివెంకటప్పకు 2023లో పద్మశ్రీ తెచ్చిన వాద్యం అది.

అమెరికా సంగీత పరిశోధకుడు థామస్ టురినో 2008లో వెలువడిన పుస్తకంలో, అందరూ కలిసి చేసే సంగీతాన్నీ కొందరు చేస్తే మిగిలినవారు వినే సంగీతాన్నీ వేరుచేసి చూపాడు. మొదటిదాన్ని కచేరీ కొలతతో కొలవకూడదన్నది ఆయన వాదం. తప్పిన గొంతుకూడా కలిసిపోయేంత దట్టంగా సాగడం భజనకు లోపం కాదు, లక్షణం.

గురుపూర్ణిమకు తాతయ్య ఊరు కైవారంలో 72 గంటలు ఎడతెగకుండా సంగీతోత్సవం జరుగుతుంది. విద్వాంసుల కచేరీలతోపాటు ఊరూరి భజన బృందాలూ పాడతాయి. ఈ రెండూ ఒకే వేదిక మీద ఇమడడం చిన్న విషయం కాదు.

పల్లె ఉత్సవాలకు అసలు చేటు చేస్తున్నవి ఎత్తైన వేదిక, భజన పోటీలు. బహుమతి కోసం పాడే బృందం తడబడే గొంతును పక్కన పెడుతుంది, అది సహజమే. మైకు ఒక్కరి నోటి దగ్గరే ఉంటే ఎదుట కూర్చున్నవారికి తమ గొంతు తమకే వినపడదు. రెండో మైకు వంతపాడేవారి మధ్య పెట్టాలి, బృందం నేలమీదే కూర్చోవాలి. ఉత్సవ కమిటీలు కనీసం ఒక రాత్రయినా బహుమతి లేని భజనకు వదిలిపెట్టాలి.