పేరు ఎవరితో మాట్లాడుతుంది? తెలుగు పత్రికల నామకరణంపై ఒక పరిశీలన

పత్రిక పెట్టాలనుకున్న నలుగురు మిత్రులు ఒకచోట చేరితే చర్చ త్వరలోనే పేరు దగ్గరికి వస్తుంది, చాలాసేపు అక్కడే నిలిచిపోతుంది. పరాయి దేశంలో ఉద్యోగాలు చేసుకుంటూ, వారాంతాలలో దొరికే తీరికతో తెలుగు పత్రిక నడపాలనుకొనేవారి విషయంలో ఇది మరీ నిజం. ఒకరు నిఘంటువు తెరుస్తారు. మరొకరు ప్రబంధాలలోంచి ఒక సమాసం పట్టుకొస్తారు. ఇంకొకరు అమ్మమ్మగారి ఊరి జ్ఞాపకాన్ని ముందుకు తెస్తారు. ఈ వెతుకులాటలో శబ్దసౌందర్యం, అర్థగౌరవం, ఇంతకుముందు ఎవరూ వాడకపోవడం అనే మూడే కొలమానాలుగా నిలుస్తాయి. ఆ పేరు ఎవరిని ఉద్దేశించి పలుకుతోంది, చదువరిని ఏ స్థానంలో కూర్చోబెడుతోంది అన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. 180 ఏళ్ళకు పైబడిన తెలుగు పత్రికల చరిత్రను పేర్ల వైపు నుంచి చదివి చూస్తే, అడగవలసిన మొదటి ప్రశ్న అదేనని తెలుస్తుంది.

వర్ధనులు, బోధినులు, సంజీవనులు

1842లో సయ్యద్ రహమతుల్లా మద్రాసు నుంచి నడిపిన పత్రిక పేరు ‘వర్తమాన తరంగిణి’. వార్తలు అలలుగా వచ్చిపడే నది అన్నది అందులోని ఊహ. ఆ తరువాతి దశాబ్దాలలో వెలువడిన పేర్లను వరసగా చూస్తే ఒక వ్యాకరణ సామ్యం కనిపిస్తుంది: సుజనరంజని, తత్త్వబోధిని, పురుషార్థ ప్రదాయిని, ఆంధ్రభాషాసంజీవని, వివేకవర్ధని. దాదాపు అన్నీ ‘ని’తో ముగుస్తాయి. సంస్కృతంలో ‘పత్రికా’ అన్నది స్త్రీలింగ శబ్దం కాబట్టి దానికి విశేషణాలుగా వచ్చేవి కూడా స్త్రీలింగంలోనే ఉండాలి. రంజింపజేసేది, బోధించేది, వృద్ధి చేసేది అని వాటి అర్థం.

వ్యాకరణాన్ని అక్కడితో విడిచి అర్థంలోకి వెళితే మరొక సంగతి బయటపడుతుంది. ఈ పేర్లన్నీ క్రియలే. పత్రిక ఏదో చేస్తుంది, చదువరికి ఆ మేలు జరుగుతుంది. కొక్కొండ వెంకటరత్నం పంతులు 1871లో ‘ఆంధ్రభాషాసంజీవని’ని ప్రారంభించారు. సంజీవని మూర్ఛపోయినవారిని లేపే మూలిక. అంటే ఆ పేరు ఒక రోగనిర్ధారణ కూడా: భాష స్పృహ తప్పి ఉంది, ఈ పత్రిక మందు. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పెట్టారు. అక్కడ రోగి మారాడు. భాషకు బదులు సంఘం మంచం మీదికి వచ్చింది. వివేకం కొరవడడం జబ్బు, దానిని పెంచడం చికిత్స.

ఈ ఇద్దరి మధ్య సాగిన వాదం పేర్లలోకి కూడా పాకింది. ‘వివేకవర్ధని’కి ఎదురుగా కొక్కొండవారు ‘హాస్యవర్ధని’ని తెచ్చారు. దానికి జవాబుగా వీరేశలింగం ‘హాస్యసంజీవని’ని తెచ్చారు. ఒకరి పత్రిక పేరులోని తోకను మరొకరు పట్టుకొని దానికి హాస్యాన్ని తగిలించారన్నమాట. పత్రిక పేరే వాదప్రతివాదాలకు ఆయుధం కాగలదని తెలుగు చదువరులకు ఆనాడే తెలిసింది. పేరును అలంకారంగా మాత్రమే చూసేవారు ఈ ఉదంతాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి.

1883లో వీరేశలింగం స్త్రీల కోసం పెట్టిన పత్రిక ‘సతీహితబోధిని’. ఆ పేరు విడదీస్తే మూడు పాత్రలు కనిపిస్తాయి: సతి, ఆమెకు హితం, దానిని బోధించేవారు. ఆ హితమేమిటో నిర్ణయించేవారు పేరులో కనిపించరు, కాని వారి గొంతే పేరంతటా వినిపిస్తుంది. చదువుకున్న స్త్రీలు వేళ్ళ మీద లెక్కించదగినంత మంది ఉన్న కాలంలో అది సహజమే కావచ్చు. పాతకాలపు వైద్యుడు రోగితో మాట్లాడిన తీరూ అదే. మేలు చేశాడు, మందిచ్చాడు, కాని రోగి అభిప్రాయం అడగలేదు. ఆ తరం పేర్లలోని ఔన్నత్యాన్ని, ఈ పరిమితిని కలిపే చూడాలి.

ఊరూ పేరూ

20వ శతాబ్దం మొదలవుతూనే పేర్ల స్వభావం మారింది. 1902లో బందరు నుంచి ‘కృష్ణాపత్రిక’ వచ్చింది. ఆ పేరులో క్రియ లేదు, వాగ్దానం లేదు. ఒక నది, ఆ నది పేరున్న జిల్లా, అక్కడివారి పత్రిక, అంతే. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు ‘ఆంధ్రపత్రిక’ను ప్రారంభించారు. అది పుట్టినది బొంబాయిలో, వారపత్రికగా. ప్రవాసంలో ఉన్న ఒక తెలుగు వ్యాపారి, తలనొప్పికి తాను తయారుచేసి అమ్మిన అమృతాంజనం ఆదాయాన్ని ఆసరా చేసుకొని పెట్టిన పత్రిక అది. అప్పటికి ఆంధ్ర అనే రాష్ట్రం లేదు. బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది 1913లో, ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది 1953లో. పటం మీద లేని చోటుకు ఒక పత్రిక ముందుగా పేరై నిలిచింది. 1914లో మద్రాసుకు తరలి దినపత్రికగా మారేనాటికి ఆ పేరు ఒక ఆకాంక్షకు గుర్తయింది.

నిజాం రాజ్యంలో ఇదే పని మరింత కష్టమైన పరిస్థితులలో జరిగింది. పాలనా భాష ఉర్దూ అయిన చోట 1922లో ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు పెట్టిన పత్రిక పేరు ‘తెనుగు’. అదే ఏడాది నల్లగొండ నుంచి ‘నీలగిరి’ వచ్చింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకుడుగా ‘గోలకొండ పత్రిక’ హైదరాబాదులో మొదలైంది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు బదులుగా 1934లో 354 మంది కవులతో వెలువడిన సంచికకు ‘గోలకొండ కవుల సంచిక’ అన్న పేరే ఉండడం గమనించదగినది. పత్రిక పేరులోని స్థలం అక్కడి కవులందరికీ ఇంటిపేరయింది.

స్థలం పేర్లకు ఒక ప్రమాదం ఉంది. స్థలం కదలకపోయినా దాని పేరుకు అర్థం కదులుతుంది. 1908లో ‘ఆంధ్ర’ అంటే తెలుగువారందరూ. 1969 తరువాత హైదరాబాదులో ఆ మాటకు వేరే ధ్వని వచ్చింది. విదేశాలలోని సంస్థల పేర్లలోనూ ఈ కదలిక కనిపిస్తుంది. 1931లో ఏర్పడిన దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ నేటికీ ఆ పేరుతోనే ఉంది. కూలీలుగా ఓడలెక్కి వెళ్ళినవారి సంతతికి ఆంధ్ర అంటే తాతల భాష, తాతల నేల. మలేషియాలో 1955లో ఆంధ్ర సంఘంగా మొదలైన సంస్థ తరువాత తెలుగు సంఘంగా పేరు మార్చుకుంది. ఉత్తర అమెరికాలో 1977లో తొలి మహాసభ జరుపుకొన్న సంస్థ పేరులో మొదటి నుంచీ ఉన్నది ‘తెలుగు’ అన్న మాటే. ఒకే జాతి మూడు ఖండాలలో తనను తాను మూడు విధాలుగా పిలుచుకుంది. ఇందులో ఏదీ తప్పు కాదు. కాని కొత్త పత్రికకు ప్రాంతం పేరు పెట్టేవారు, ఆ మాట ఇవాళ ఎవరిని లోపలికి పిలుస్తుందో, ఎవరిని గడప దగ్గర నిలిపివేస్తుందో ఆలోచించక తప్పదు.

మాటలాడే పేర్లు

మూడవ దారి గిడుగు రామమూర్తిది. గ్రాంథికాన్ని సమర్థించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తన పత్రికకు ‘ఆంధ్ర సాహిత్య పరిషత్పత్రిక’ అని పేరు పెట్టుకుంది. వ్యవహారభాష కోసం పోరాడిన గిడుగు 1919లో తన మాసపత్రికకు ‘తెలుగు’ అని పేరు పెట్టారు. ఒక పేరు పలకడానికి ఊపిరి బిగబట్టాలి. రెండవది పసిపిల్లలకు కూడా నోరు తిరుగుతుంది. వాదంలో ఎవరు ఏ పక్షమో తెలుసుకోవడానికి లోపలి పేజీలు తిప్పనక్కరలేదు, అట్టమీదనే ఉంది.

1947లో వచ్చిన ‘చందమామ’ ఈ దారిలో ఇంకా ముందుకు వెళ్ళింది. అది పిల్లలు తమ నోటితో తాము పిలిచే పిలుపు. చదువరికి ఏం మేలు చేస్తుందో ఆ పేరు చెప్పలేదు, చదువరి ఏ ఊరివాడని అడగలేదు. పేరులోనే చుట్టరికం ఉంది కనుక అది తమిళంలో ‘అంబులిమామ’గా, మలయాళంలో ‘అంబిలి అమ్మావన్’గా, మరాఠీలో ‘చాందోబా’గా సులువుగా ఇమిడిపోయింది. తమిళ, మలయాళాలలోనూ మేనమామే అయింది. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ‘ఈనాడు’ స్థలాన్ని వదిలి కాలాన్ని పట్టుకుంది. 1998లో అమెరికాలోని తెలుగువారు ప్రారంభించిన ‘ఈమాట’ ఇంగ్లీషు అక్షరానికి, తెలుగు ‘ఈ’కారానికి మధ్య ఉన్న శ్లేషను వాడుకుంది. ఆ శ్లేషలోని కొత్తదనం కాలంతో పాతబడినా ‘ఈ మాట’ అన్న మామూలు అర్థం పాతబడలేదు. చమత్కారం ఇంకిపోయాక కూడా మిగిలే అర్థం ఉన్న పేరే నిలుస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

పేరు గొప్ప, ఊరు దిబ్బ

ఇంత చర్చకూ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. పేరులో ఏమీ లేదు, పని చూడాలి అన్నది ఆ వాదన. ‘పేరు గొప్ప ఊరు దిబ్బ’ అన్న సామెత ఉండనే ఉంది. ‘కృష్ణాపత్రిక’ను నిలబెట్టినది నది పేరు కాదు, 1907 నుంచి 1945 వరకు సంపాదకత్వం వహించిన ముట్నూరి కృష్ణారావు కలం. డాక్టర్ కె. ఎన్. కేసరి 1928లో మద్రాసులో ‘గృహలక్ష్మి’ మాసపత్రిక పెట్టారు. ఆయుర్వేద వైద్యుడైన ఆయన పెట్టిన పేరు స్త్రీని ఇంటికే కట్టివేసేది. పత్రిక చేసిన పని వేరు. అది స్త్రీలచేత రాయించింది, గృహలక్ష్మి స్వర్ణకంకణం పేరిట రచయిత్రులను గౌరవించింది. పేరు కంటే పత్రిక పెద్దది కావడం సాధ్యమేనని అది చూపింది.

వైద్యశాస్త్రంలోనూ ఇటువంటిది ఉంది. మలేరియా అన్న ఇటాలియన్ మాటకు చెడుగాలి అని అర్థం. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూశాక గాలి నిర్దోషి అని తేలింది, పేరు మాత్రం మారలేదు. తప్పు పేరు కూడా బతుకుతుంది. అయితే ఆ పేరును నమ్మినన్నాళ్ళూ జనం కిటికీలు మూసుకున్నారు, నిలవనీటిలోని దోమపిల్లలను పట్టించుకోలేదు. పేరు బతికిపోవడం వేరు, పేరు దారి చూపడం వేరు. మంచి సంపాదకుడు దొరికితే ఏ పేరైనా నెగ్గుకొస్తుంది. కాని కొత్తగా మొదలుపెట్టేవారికి అంతటి సంపాదకుడు దొరుకుతాడన్న హామీ లేదు. వారి చేతిలో మొదట ఉండేది పేరే.

ఈ దృష్టితో చూస్తే ప్రవాసంలో పత్రికలు పెట్టేవారి నామకరణంలో రెండు బలహీనతలు కనిపిస్తాయి. మొదటిది, 19వ శతాబ్దపు సమాసాలవైపు తిరిగి వెళ్ళడం. చదువరికి మేలు చేయవలసిన అవసరం ఆనాడు ఉంది. నేటి చదువరి వృత్తిలో నిపుణుడు, ఇంకో భాషలో రోజూ లోకాన్ని చదువుతున్నవాడు. అతనికి కావలసినది సాటి మనిషి మాట. రెండవది, పేరును జ్ఞాపకాల పెట్టెగా వాడుకోవడం. విడిచివచ్చిన ఊరిని పేరులో నిలుపుకొంటే స్థాపకులకు ఓదార్పు దొరుకుతుంది. ఆ ఊరిని ఎన్నడూ చూడని వారి పిల్లలకు అందులో చోటు దొరకదు.

వీటికి తోడు ఒక ఆచరణాత్మకమైన చిక్కు ఉంది. నేటి జాలపత్రిక చిరునామాను చాలామంది రోమన్ లిపిలోనే వెతుకుతారు. ఆ లిపిలో హ్రస్వదీర్ఘాల తేడా, ‘త’ ‘ట’ల తేడా, ‘ల’ ‘ళ’ల తేడా చెరిగిపోతాయి. పలక పాలక అవుతుంది, వాదం వాడం అవుతుంది. తెలుగు చదవడం సరిగా రాని రెండవ తరం ఆ అక్షరాల ద్వారానే గుమ్మం దాకా వస్తుంది. ఆ లిపిలో రాసినా చెడని పేరును ఎంచుకోవడం వారిపట్ల చూపవలసిన కనీస మర్యాద.

మూడు సంచికలకు సరిపడా రచనలు చేతికి వచ్చేవరకు పేరును తాత్కాలికంగానే ఉంచడం మంచి పద్ధతి. లక్షణాలు పూర్తిగా బయటపడకముందు జబ్బుకు తాత్కాలిక నిర్ధారణ రాసుకోవడం వంటిదే ఇది. రచనలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ పత్రిక ఎవరితో మాట్లాడుతోందో దాన్ని పెట్టినవారికే తెలుస్తుంది. నిఘంటువు తెరవవలసినది అప్పుడు. ఆ తరువాత, ఎంచుకున్న పేరును పిల్లలలో ఒకరిచేత బిగ్గరగా పలికించి వినాలి. వారి నోట అది తడబడితే ఇంకొకటి వెతకడానికి సమయం ఉంటుంది.