కీలులోకే దిగిన పనితనం

ఇసుర్రాయి తిప్పిన లక్సెట్టిపేట పెద్దవాళ్లకు మెడ పైభాగం గురించి చెప్పడం తేలిక. కింది రాతి నడుమ గూటం, దాని చుట్టూ తిరిగే పై రాయి. మెడలో రెండో పూసకు అలాంటి గూటమే ఉంటుంది. మొదటి పూస దాని చుట్టూ తిరుగుతుంది. తల అటూ ఇటూ తిప్పడంలో దాదాపు సగం ఇక్కడే జరుగుతుంది. దెబ్బ తగిలో, కీళ్లవాతం వల్లో, పుట్టుకలోని లోపం వల్లో ఈ పట్టు సడలితే పై పూస ముందుకు జారి వెన్నుపామును నొక్కుతుంది.

కొత్తగా జారినదైతే తలకు బరువు కట్టి లాగితే సర్దుకోవచ్చు. ఏళ్లనాటిదైతే అంత సులువుగా కదలదు. వెనక తీగతో కట్టే గాలీ పద్ధతి 1939 నుంచీ ఉంది, కానీ అది జారినదాన్ని లాగి సరిచేయలేదు. అందుకే నోట్లోంచి వెళ్లి గూటాన్ని తొలిచేసి, మళ్లీ మెడ వెనక బిగించేవారు. రోగికి రెండు గండాలు!

బొంబాయి పరేల్ కె.ఇ.ఎం. ఆసుపత్రి అక్కడి మిల్లుల్లో పనిచేసిన మనవాళ్లకు తెలిసిన చోటే. అక్కడి డాక్టర్ అతుల్ గోయల్ 1988లో నేరుగా ఈ రెండు పూసల మధ్య కీలులోకే దిగారు. అసలు పనితనం ఇక్కడుంది. కీలును కప్పి సిరల వల, తాకితే రక్తం ఉబుకుతుంది. దాని మీదుగా రెండో మెడ నరం. పక్కనే మెదడుకు రక్తం మోసే ధమని. గోయల్ ఆ నరాన్ని కోసేస్తారు. తల వెనక కొంత మొద్దుబారుతుంది గానీ కీలు కళ్లెదుట తెరుచుకుంటుంది. మృదులాస్థిని గీకి, సందు విడదీసి, తుంటి ఎముక ముక్కలు కూర్చి, రెండు పూసలకూ స్క్రూలు దింపి ప్లేటుతో బిగిస్తారు. స్క్రూల పని కొన్ని నెలలే. ఆ తర్వాత బరువు మోసేది అతుక్కున్న ఎముక. ఈ ముందుచూపే నాకు అన్నిటికన్నా నచ్చింది.

1994లో ఈ పద్ధతి అచ్చయింది. 2001లో జర్మనీ డాక్టర్ హార్మ్స్ ప్లేట్ల బదులు రాడ్లు వాడే పద్ధతిని ప్రకటించారు, నేడు చాలామంది దీన్ని గోయల్–హార్మ్స్ పద్ధతి అంటున్నారు. 2002లో గోయల్ బృందం 160 మంది రోగుల ఫలితాలు ప్రకటించింది. తల తిప్పడం బాగా తగ్గుతుంది, నిజమే. కాళ్లూ చేతులూ నిలిచేందుకు అది పెద్ద ధర కాదు.

అయితే నలిగిన వెన్నుపామును ఏ స్క్రూ బాగుచేయదు. మెడనొప్పితో పాటు చేతులు తిమ్మిరెక్కుతున్నా, గుండీలు పెట్టుకోలేకపోతున్నా, నడక తడబడుతున్నా కటింగ్ షాపులో మెడ విరిపించుకోకండి. ముందు న్యూరోసర్జన్‌కు చూపించండి.