ఎడారిలో ఏకాంతము

ఎడ్వర్డ్ ఆబీ వ్రాసిన ‘డెజర్ట్ సాలిటైర్’ అను గ్రంథమును ఈ సెలవులలో చదివాము. ఇది 1968లో వెలువడింది. అమెరికాలోని యూటా రాష్ట్రములో, ఎర్రరాతి తోరణములు గల ఆర్చెస్‌లో, ఆయన 1956, 1957 వేసవులలో రేంజరుగా పనిచేశారు. వేర్వేరు వేసవుల అనుభవములను ఒకే వేసవిగా కూర్చారు.

మాకు నచ్చిన ఘట్టము చిన్నది. రాత్రి జనరేటరు వేయగానే ట్రైలరులో దీపము వెలుగుతుంది, బయటి నిశ్శబ్దము దూరమవుతుంది. యంత్రము ఆపితే రాత్రి మళ్ళీ దగ్గరకు వస్తుంది. ఆయన వాదనలకంటె ఇదే మమ్ములను ఒప్పించింది.

ఒక లోటు చెప్పక తప్పదు. ఏకాంతమును ఆయన కోరి తీసుకున్నారు. వేసవి ముగియగానే వదిలి వెళ్ళగలిగారు. మారిషస్ చెరకు పొలములలో రాళ్ళు ఏరి గుట్టలు పేర్చిన మన పెద్దలకు ఒంటరితనము దక్కింది. కేంపుల ఇరుకులో ఏకాంతము దక్కలేదు. ఈ రెంటి భేదమును గ్రంథకర్త తగినంత తలచలేదని మా అభిప్రాయము.

అయినను చదవవలసిన గ్రంథమే. ఆయన పడవలో చూచిన గ్లెన్ కాన్యన్ లోయ, 1963లో ఆనకట్ట మూసిన తరువాత నీట మునిగింది. ఆయన పుటలలో నిలిచింది. మన పాత కేంపులను గురించి అట్లు వ్రాసేవారు ఎవరు?