జయప్రకాశరెడ్డి: వెండితెరపై సీమ పలుకుబడి

తెనుగు చలనచిత్రములలోని భాషను విచారించువారు సాధారణముగా సంభాషణ రచయితలను పరిశీలింతురు. ఆ సంభాషణలను నోట పలికిన నటులను అంతగా పట్టించుకొనరు. మాండలికము విషయమున ఈ పద్ధతి చాలదు. మాండలికము కాగితముపై సగమే కనబడును. తక్కిన సగము కాకువులో, పదాంతమున సాగదీయుటలో, వాక్యమధ్యమున విరుచుటలో నుండును. దానిని లిపి పట్టజాలదు, కంఠమే పట్టవలెను. రాయలసీమ పలుకుబడికి తెరపై అట్టి కంఠము నొసగినవారు జయప్రకాశరెడ్డిగారు. దానివలన సీమ భాషకు లాభమెంత, నష్టమెంత యనునదియే ఇచ్చట విచార్యము.

రెడ్డిగారు 1946లో కర్నూలు జిల్లా సిరివెళ్ల ప్రాంతమున జన్మించిరి. 2022లో జరిగిన పునర్విభజనచే ఆ ప్రాంతము నంద్యాల జిల్లాలో చేరినది. దత్తమండలములకు ‘రాయలసీమ’ యను పేరు స్థిరపడినది 1928లో ఆ నంద్యాలలో జరిగిన సభయందే. ఇది కాకతాళీయమే, అయినను చెప్పక విడువ మనసొప్పలేదు. వీరి తండ్రి పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరు. వీరు వృత్తిచే ఉపాధ్యాయులు, ప్రవృత్తిచే రంగస్థల నటులు. నల్గొండలో వీరి నాటకమును చూచి దాసరి నారాయణరావుగారు నిర్మాత రామానాయుడుగారికి వీరిని గూర్చి చెప్పగా, 1988లో ‘బ్రహ్మపుత్రుడు’ చిత్రమున తొలి వేషము లభించినది. ఆ పిమ్మటి చిన్న వేషములు నిలకడనీయక పోవుటచే మరల బోధనకు మరలిరి. 1997లో ‘ప్రేమించుకుందాం రా’ వచ్చునప్పటికి వీరికి ఏబదియేండ్లు నిండినవి. ఆ వయస్సున నటునకు పేరు వచ్చుట అరుదు. వచ్చిన పేరు కర్నూలు ముఠానాయకుని పాత్రవలన వచ్చినది.

ఇందులోని క్రొత్తదనము తెలియవలెనన్న పూర్వులను ఒకసారి తలపవలెను. సీమనుండి చిత్రరంగమునకు పోయినవారు తక్కువవారు కారు. కడప జిల్లావారగు బి.ఎన్. రెడ్డిగారు 1951లో ‘మల్లీశ్వరి’ని తీసిరి. కథ రాయలవారి కాలమునాటిది. మాటలు వ్రాసినది పిఠాపురపు కవి కృష్ణశాస్త్రిగారు. అదే జిల్లా సింహాద్రిపురమున పుట్టిన పద్మనాభముగారు దశాబ్దములు హాస్యము పండించిరి. వారి పలుకులో పులివెందుల చాయ దాదాపు వినబడదు. వారిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. మద్రాసు స్టూడియోలలో చెల్లుబడియైన తెనుగు సర్కారు జిల్లాల శిష్టభాష. సీమవాడు తన మాటను వాకిట విడిచి లోనికి పోయెను. దానిని వెంటబెట్టుకొని పోయిన ప్రముఖులలో జయప్రకాశరెడ్డిగారిది ప్రత్యేక స్థానము.

ఆ మాటయొక్క బలమెట్టిది? కోస్తా వ్యవహారమున ‘చేశాడు, వచ్చాడు’ అని కుదించుకొన్న రూపములు సీమలో ‘చేసినాడు, వచ్చినాడు’ అని నిండుగా నిలిచియున్నవి. మోటు అని పరిహసింపబడు మాండలికమే ప్రాచీన రూపమునకు దగ్గరగా నుండుట భాషాశాస్త్ర విద్యార్థులకు క్రొత్త గాదు. నటునకు ఈ నిడివి గొప్ప సాధనము. క్రియ ముగియుటకు ఒక అక్షరము ఎక్కువ పట్టును. ఆ అక్షరముపై రెడ్డిగారు నిలుతురు. ఎదుటివాడు తీర్పుకొరకు వేచియున్నట్లు తోచును. ‘అప్పా’, ‘నాయనా’ యను ఆప్యాయపు పిలుపులను మెల్లగా పలికి, వానిలోనే బెదరింపును ఇముడ్చుట వీరి ప్రత్యేక విద్య. గర్జించిన ఘట్టములు లేకపోలేదు. కాని అవి ఇతరులును చేయగలిగినవి.

ఇక నష్టము. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘జయం మనదేరా’ (2000), ‘చెన్నకేశవరెడ్డి’ (2002) మొదలగు చిత్రములతో ఈ పలుకుబడి ఒక అచ్చుగా మారినది. ఈ కోవ చిత్రములలో ఒక వింత గమనింపదగినది. కథానాయకుడును అదే మట్టిలో పుట్టినవాడే. అయినను అతడు అధికభాగము శిష్టభాషనే మాటాడును. యాస ప్రతినాయకునకు విడువబడును. అనగా ప్రేక్షకుని చెవికి సీమ భాషయే నేరమునకు గుర్తైనది. కేతు విశ్వనాథరెడ్డిగారి కథలలో ఈ కడప భాషయే కరువును, అప్పును, తల్లి మౌనమును, ఎండిన చేనిని మోసినది. చిత్రములలో దానికి మోయ నిచ్చినది బాంబులనే. కర్నూలునుండియో కడపనుండియో వచ్చిన విద్యార్థి పరాయి జిల్లా తరగతిలో నోరు విప్పినంతనే ప్రక్కవాడు చిత్రములోని ముఠానాయకుని అనుకరించి నవ్వుట మన యధ్యాపకులు ఎరుగని సంగతి కాదు. ఆ విద్యార్థి కొలది మాసములలో ‘వచ్చాడు’ అనుట నేర్చును.

ఈ దోషమును నటునిపై మోపుట న్యాయము గాదు. పాత్రలను వ్రాసినవారు వేరు. పైగా శ్రీను వైట్ల దర్శకత్వమున వచ్చిన ‘ఢీ’ (2007), ‘రెడీ’ (2008) వంటి చిత్రములలో రెడ్డిగారు తాము నిలిపిన భయమును తామే నవ్వులపాలు చేసిరి. కంఠము మారలేదు, సాగదీత మారలేదు. ఎదుటివాడు భయపడుటకు బదులు వీరే మోసపోవుదురు. ఆ హాస్యఘట్టములు టెలివిజనులో తునుకలు తునుకలుగా నేటికిని ప్రసారమగుచున్నవి. నేటి పిల్లలు వీరిని ముందుగా హాస్యనటులుగనే ఎరుగుదురు. ఈ మార్పు కొంత విషమును విరిచినదని నా అభిప్రాయము. కాని భయమునుండి నవ్వునకు పోయిన మాండలికము దుఃఖమువద్ద ఆగలేదు. సీమ యాసతో కన్నీరు పెట్టించు ప్రధానపాత్ర నొకదానిని వీరికి వ్రాసియుండిన బాగుండెడిది.

వీరికి అట్టి శక్తి లేదనుటకు వీలులేదు. పూసలగారు రచించిన ‘అలెగ్జాండర్’ ఏకపాత్ర నాటకమును వీరు ఒంటరిగా నడిపిరి. ఎదుట మరియొక నటుడు లేనప్పుడు బెదరింపుతో పని జరుగదు. పరిహాసము, వార్ధక్యము, ఒంటరితనము అన్నియు ఆ యొక్క కంఠమే పలుకవలెను. చిత్రరంగమున ఇంత పేరు వచ్చిన పిమ్మటను రంగస్థలమును విడువకుండుట వీరి ఆకలిని తెలుపును.

2020 జనవరిలో విడుదలైన ‘సరిలేరు నీకెవ్వరు’ మరల కర్నూలు కథయే. అందును వీరు కనబడిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 8న గుంటూరులో గుండెపోటుచే కన్నుమూసిరి.