స్నేర్ గొంతు తగ్గించే నేర్పు

స్నేర్ డ్రమ్ సాధారణంగా 14 అంగుళాల వెడల్పు, అయిదారు అంగుళాల లోతు ఉంటుంది. అంత చిన్న వాద్యం ఇరుకు గదిలో మోగితే చెవులు గింగురుమంటాయి. ఆ మోత తగ్గించాలంటే అది ఎక్కడెక్కడ పుడుతుందో ముందు తెలియాలి.

స్టిక్ దెబ్బ పై హెడ్ మీద పడుతుంది. ఆ ప్లాస్టిక్ పొర లోపలికి వంగగానే డ్రమ్ములోని గాలి నొక్కుకుపోయి అడుగు హెడ్‌ను తోస్తుంది. అడుగుది మరీ పలచన. దాన్ని ఆనుకుని మెలితిరిగిన సన్నటి తీగలు, సాధారణంగా 20, బిగించి ఉంటాయి. అవి పొరను వదిలి మళ్లీ తాకుతూ చేసే చిటపటే స్నేర్‌కు గుర్తు. పక్కనున్న మీటను దించితే తీగలు వదులై ఆ చిటపట ఆగిపోతుంది.

ఇక పై హెడ్. దెబ్బకు పొరంతా ఒక్కటిగా ఊగే కదలిక గాలిని బలంగా నెట్టి తొందరగా అలసిపోతుంది. ముక్కలు ముక్కలుగా ఊగే చిన్న కంపనాలు మాత్రం అంచుల దగ్గర నిలిచి 'ఖంయ్'మని సాగుతాయి. అందుకే అంచు వెంబడి అంగుళం వెడల్పు ప్లాస్టిక్ వలయం పరుస్తారు. పాత హెడ్‌లోంచి కత్తిరించుకున్నదైనా చాలు.

నాకు మరీ ముచ్చటైనది గుడ్డముక్క ఉపాయం. మడిచిన గుడ్డను ఒక్క వైపే టేపుతో అంటిస్తారు. దెబ్బకు అది తలుపు రెక్కలా లేచి తొలి శబ్దాన్ని పూర్తిగా పలకనిస్తుంది. వెంటనే వాలి, వెనక సాగే మోతను అణుస్తుంది. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ 1969 రికార్డింగుల్లో డ్రమ్ముల మీద ఏకంగా వంటింటి తువ్వాళ్లే కప్పాడు.

అయితే వీటన్నిటికీ లొంగేది శబ్దం తోకే. మొదటి దెబ్బ పెద్దగా తగ్గదు. దాన్ని తగ్గించాలంటే వల అల్లికతో చేసిన మెష్ హెడ్ బిగించాలి. గాలి దాని కంతల్లోంచి జారిపోతుంది కనుక నెట్టడానికి ఏమీ మిగలదు. సాధనకు అది బాగుంటుంది, కచేరీకి పనికిరాదు.

అన్నిటికన్నా సూక్ష్మమైన ఉపాయం మణికట్టులో ఉంది. స్టిక్‌ను ఎంత ఎత్తు నుంచి వదిలితే అంత మోత. టోటో బృందం 1982 నాటి 'రోజానా' పాటలో డ్రమ్మర్ జెఫ్ పొర్‌కారో వాయింపు వినండి. గట్టి దెబ్బల నడుమ స్టిక్ పొరకు అంగుళం ఎత్తులో తారాడుతూ, తన బరువుతోనే వాలుతున్నట్టు గుసగుసలు పలికిస్తుంది. అదే స్నేర్, అదే హెడ్, మారింది స్టిక్ ఎత్తే.