డి.ఎన్.ఏ. సాక్ష్యం, సంభావ్యతా గణితం, న్యాయనిర్ణయం – ఒక పరిశీలన

సాక్షి మాటను తూచి చూడటం న్యాయస్థానాలకు అలవాటైన పని. సాక్షి ఎలాంటివాడు, చూసింది పగలా రాత్రా, మనసులో పగ ఏమైనా ఉన్నదా – ఇవి తరతరాలుగా అడుగుతున్న ప్రశ్నలే. కాని మనిషికి బదులు ఒక అంకె బోనెక్కితే దానిని ఎలా ప్రశ్నించాలి? "20 కోట్లలో ఒకటి" అనే మాట వినగానే వినేవారి వివేకం సగం లొంగిపోతుంది. 1996లో ఇంగ్లండు అపీలు కోర్టు ఇచ్చిన ఆడమ్స్ తీర్పు ఈ సమస్యను సూటిగా ఎదుర్కొన్నది. ఆ తీర్పు ఒక పద్ధతిని త్రోసిపుచ్చింది. త్రోసిపుచ్చిన తరువాత జ్యూరీ చేతిలో ఏమి మిగిలిందన్నదే ఇక్కడ విమర్శించదగిన విషయం.

ముందుగా ఆ అంకెకు అర్థమేమిటో చూడాలి. నేరస్థలంలో దొరికిన మరకలోని డి.ఎన్.ఏ. లక్షణాలు ముద్దాయి లక్షణాలతో సరిపోలాయనుకుందాం. అప్పుడు నిపుణుడు చెప్పే అంకె ఒకే ఒక విషయాన్ని తెలుపుతుంది: ముద్దాయికి బంధువు కాని మరొక వ్యక్తిని ఊరికే ఎంచుకుంటే, అతని లక్షణాలు కూడా అలాగే సరిపోలే అవకాశం ఎంత? అంటే అది "మరక ఇతనిది కాకపోతే, సరిపోలిక కనబడే అవకాశం". దానిని తలక్రిందులు చేసి, "సరిపోలిక కనబడితే, మరక ఇతనిది కాకపోయే అవకాశం" అని చదవటం తప్పు. వాన కురిస్తే నేల తడుస్తుంది. నేల తడిసింది కనుక వానే కురిసిందనటం మాత్రం చెల్లదు. ఎవరో నీళ్ళు చల్లి ఉండవచ్చు. 1987లో థాంప్సన్, షూమన్ అనే పరిశోధకులు ఈ తలక్రిందుల వాదానికి "ప్రాసిక్యూటరు హేత్వాభాసం" అని పేరు పెట్టారు.

ఇది పుస్తకాలకు పరిమితమైన పొరపాటు కాదు. ఇంగ్లండులోనే డీన్ కేసులో 30 లక్షలలో ఒకటి అనే అంకెను ఇలాగే తిరగవేసి, మరక మరొకరిది అయ్యే అవకాశమే అంత అన్నట్లు జ్యూరీ ముందు ఉంచారు. అపీలు కోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. లెక్క కష్టమైనది కాదు. ఒక దేశంలో 3 కోట్ల మంది పురుషులు ఉంటే, 30 లక్షలలో ఒకరి చొప్పున సుమారు 10 మంది ఆ లక్షణాలతో ఉంటారు. మరే సాక్ష్యమూ లేకపోతే ముద్దాయి ఆ పదిమందిలో ఒకడు మాత్రమే. "30 లక్షలకు ఒకటి" అన్నచోట నిజానికి ఉన్నది "పదింట ఒకటి".

ఈ రెండు వాక్యాలకూ నడుమ వంతెన వేసే నియమం థామస్ బేస్ అనే క్రైస్తవ మతబోధకుని పేరుతో ప్రసిద్ధమైనది. ఆయన 1761లో మరణించగా, ఆ వ్యాసం 1763లో వెలువడింది. నియమ సారాంశం ఇది: కొత్త సాక్ష్యం రాకముందు ఒక విషయానికి ఉన్న బలమెంతో చూడాలి, ఆ విషయం నిజమైతే ఈ సాక్ష్యం కనబడే అవకాశమెంత, అబద్ధమైతే కనబడే అవకాశమెంత అని పోల్చాలి, ఆ నిష్పత్తితో మొదటి బలాన్ని గుణించాలి.

ఆడమ్స్ కేసు 1991లో జరిగిన ఒక అత్యాచారానికి సంబంధించినది. ముద్దాయికి వ్యతిరేకంగా ఉన్నది దాదాపు డి.ఎన్.ఏ. ఒక్కటే. బాధితురాలు అతనిని గుర్తుపట్టలేదు. నేరస్థుని పోలికలు అతనిలో లేవన్నది. ఆ రాత్రి అతడు తనతోనే ఉన్నాడని అతని స్నేహితురాలు సాక్ష్యమిచ్చింది. ప్రతివాది పక్షాన గణాంకశాస్త్రవేత్త పీటర్ డానెల్లీ ఈ అన్నిటినీ ఒకే త్రాసులో ఎలా వేయవచ్చో జ్యూరీకి వివరించాడు. ఉదాహరణకు, ఆ ప్రాంతపు పురుషుల సంఖ్యను బట్టి మొదటి బలం 2 లక్షలలో ఒకటి. బాధితురాలు గుర్తించకపోవటం దానిని 9వ వంతుకు, స్నేహితురాలి మాట మరల సగానికి తగ్గిస్తాయి. అంటే 36 లక్షలలో ఒకటి. ఇప్పుడు ప్రాసిక్యూషన్ వారి 20 కోట్ల అంకెను కలిపితే త్రాసు 55కు 1గా నేరం వైపు మొగ్గుతుంది. ఆ అంకె 2 కోట్లే అయితే మొగ్గు సుమారు 5న్నరకు 1. ప్రతివాది పక్షం సాధ్యమేనన్న 20 లక్షలే అయితే త్రాసు నిర్దోషిత్వం వైపు ఒరుగుతుంది.

అపీలు కోర్టు ఈ పద్ధతిని నిరసించింది. సాక్ష్యాన్ని తూచటం జ్యూరీ సొంత పని; ఆ పని లోకజ్ఞానంతో జరుగుతుందే గాని సూత్రంతో కాదు; ఒక్కొక్కరు ఒక్కొక్క అంకె వేస్తే చిక్కులు తప్పవు – ఇదీ దాని వాదన. ఇందులో న్యాయం లేకపోలేదు. స్నేహితురాలి మాటకు "సగం" అని వెల కట్టటం ఏ కొలబద్దతో? పునర్విచారణలో జ్యూరీకి ప్రశ్నపత్రం ఇచ్చి ఆ పద్ధతినే నడిపించినా మళ్ళీ నేరం రుజువైనట్లే తేలింది. రెండవ అపీలు 1997లో వీగిపోయింది.

అయినా తీర్పులో పెద్ద లోటు ఉన్నది. మిగిలిన సాక్ష్యాలకు అంకెలు వేయవద్దన్న కోర్టు, డి.ఎన్.ఏ. అంకెను మాత్రం యథాతథంగా ఉండనిచ్చింది. ఒక పళ్ళెంలో 20 కోట్లు, రెండవ పళ్ళెంలో ఇద్దరు స్త్రీల మాటలు. అంకె గలది అంకె లేనిదానిని ముంచివేయటానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు వేరే అక్కరలేదు. అదే 1996లో డోహెనీ కేసులో, దేశంలో ఇలాంటివారు ఎందరుంటారో జ్యూరీకి చెప్పి, ముద్దాయి వారిలో ఒకడని తెలపాలని కోర్టు సూచించింది. ఇది మేలైన దారి. కాని ఇది కూడా బేస్ నియమమే. పేరు మాత్రమే లేదు.

దివ్య ఖుర్‌ఆన్‌లో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) చొక్కా వృత్తాంతం పాఠకులకు తెలిసినదే. ఇబ్నుల్ ఖయ్యిం వంటి ఫుఖహా ఖరీనాను, అంటే పరిస్థితులు పలికే సాక్ష్యాన్ని, చర్చిస్తూ దీనిని ఉదహరించారు. అందులో గణితసూత్రాన్ని వెదకటం తగదు. కాని అక్కడి తీర్పరి చినుగును చూసి ఊరుకోలేదన్నది గమనార్హం. ముందు చిరిగితే ఎవరి మాట నిజం, వెనుక చిరిగితే ఎవరి మాట నిజం అని రెండు పక్షాలనూ ఎదురెదురుగా నిలిపాడు. ఆంగ్ల న్యాయస్థానంలో అంకె చుట్టూ కొరవడినది సరిగా ఈ రెండవ పక్షమే.

బేస్ పద్ధతి కూడా తప్పులకు అతీతం కాదు. నమూనాయే కలుషితమైతే ఏ గుణకారమూ కాపాడలేదు. జర్మనీ, పరిసర దేశాలలో దాదాపు 40 నేరస్థలాలలో ఒకే స్త్రీ డి.ఎన్.ఏ. కనబడగా పోలీసులు ఏళ్ళ తరబడి ఆమె కోసం గాలించారు. చివరకు 2009లో అది నమూనాలు తీసే దూది పుల్లల తయారీలో పనిచేసిన స్త్రీది అని తేలింది. 2022 నవంబరులో భారత సుప్రీంకోర్టు, 2012 నాటి ఢిల్లీ హత్య కేసులో మరణశిక్ష పడిన ముగ్గురిని విడుదల చేస్తూ, డి.ఎన్.ఏ. నివేదికలకు ఆధారమేమిటో, పద్ధతులను సరిగా పాటించారో లేదో క్రింది కోర్టులు పరిశీలించలేదని పేర్కొన్నది. రాబితా ఫిఖ్‌హ్ అకాడమీ 2002 జనవరిలో మక్కా సమావేశంలో హద్, ఖిసాస్ లేని నేరాలకే ఈ సాక్ష్యాన్ని అనుమతించటంలోనూ ఈ జాగ్రత్తే కనబడుతుంది.

కాబట్టి న్యాయమూర్తి చేతికి గణనయంత్రం ఇవ్వవలసిన పని లేదు. నిపుణుని నోట సగం వాక్యం వెలువడకుండా చూస్తే చాలు. మరక ఇతనిది అయితే అవకాశమెంత, కాకపోతే ఎంత, ప్రయోగశాల పొరబడే అవకాశమెంత – ఈ మూడూ విడివిడిగా చెప్పించాలి. ఆ తరువాతే మిగిలిన సాక్ష్యం మాట. 20 కోట్ల అంకెకు భయపడి ఒక నిర్దోషిని జైలుకు పంపినా, అంకె మీద అపనమ్మకంతో ఒక దోషిని వదలినా, ఆ తప్పు న్యాయం చెప్పినవారిదే గాని గణితానిది కాదు.