కొత్త రుచికి పాత కొలువు

పెళ్లిరోజుకో, పుట్టినరోజుకో ఢిల్లీలో ఘనమైన భోజనం చేయాలనుకునేవాళ్లకు ముందుగా తట్టే పేర్లలో ఇండియన్ యాక్సెంట్ రెస్టారెంట్ ఒకటి. రోహిత్ ఖట్టర్ 2009లో ద మేనర్ అనే చిన్న హోటల్లో దీన్ని ప్రారంభించారు. 2017లో ఇది ద లోధీ హోటల్‌కు మారింది. పాట్నాలో పుట్టి, ముంబైలో థాయ్ వంటలో చేయి తిప్పిన షెఫ్ మనీష్ మెహరోత్రా మొదటినుంచి 2024 దాకా ఈ వంటశాలను నడిపారు. దేశదేశాల దినుసులు కలిపి వండేవాళ్లు చాలామందే ఉన్నారు. మెహరోత్రా వంటలో మాత్రం ఒక కట్టుబాటు కనిపిస్తుంది: బయటినుంచి వచ్చిన దినుసు పళ్లెంలో ఊరికే కూర్చోదు, ఆ వంటలో అప్పటికే ఉన్న పనిని అందుకుంటుంది.

ఆర్డర్ ఇవ్వకముందే వచ్చే బ్లూ చీజ్ నాన్‌నే చూడండి. రెండు మూడు కొరుకులకు సరిపోయేంత ఉంటుంది, పక్కన చిన్న కప్పులో షోర్బా అనే వెచ్చని సూప్. విడిగా తింటే బ్లూ చీజ్ వాసన అందరికీ పడదు. నాన్ లోపల వేడికి కరిగితే ఆ ఘాటు సర్దుకుని ఉప్పదనం, కమ్మదనం మిగులుతాయి. లోపల కూరే పనీర్, పైన రాసే వెన్న చేసే రెండు పనులనూ అదొక్కటే చేస్తుంది.

లక్నో గలౌటీ కబాబ్ ప్రాణమంతా మెత్తదనంలో ఉంది. మాంసాన్ని మెత్తగా కొట్టి, పచ్చి బొప్పాయి పట్టించి, నాలుక మీద కరిగిపోయేలా కాలుస్తారు. దాని మధ్యలో ఇక్కడ ఒకప్పుడు ఫ్వా గ్రా, అంటే కొవ్వెక్కించిన బాతు కాలేయం పెట్టేవారు. కరిగే గుణం రెంటికీ ఉంది కాబట్టి అతుకు తెలిసేది కాదు. అంత కొవ్వుకు విరుగుడుగా స్ట్రాబెర్రీ, పచ్చిమిర్చి కలిపిన చట్నీ వచ్చేది. దాని పులుపూ కారమూ నోటిని తేటపరిచి మరో ముక్కకు సిద్ధం చేసేవి.

మీఠా అచార్ పోర్క్ రిబ్స్‌లో లెక్క తిరగబడింది. విదేశాల్లో బార్బెక్యూ సాస్ చేసే పనిని ఇక్కడ తీపి మామిడి ఊరగాయ చేపట్టింది. పైన ఎండు మామిడి, వేయించిన కలోంజీ (నల్ల జీలకర్ర) గింజలు. బెల్లం ఆవకాయ ఎరిగిన నాలుక ఈ తీపినీ కారాన్నీ చుట్టరికంతో పలకరిస్తుంది.

నాకు అన్నిటికంటే ముచ్చటగొలిపేది దౌలత్ కీ చాట్. పాత ఢిల్లీలో పాలను చలికాలపు రాత్రి చల్లదనంలో ఉంచి, చిలికి, నురగ తీసి అమ్ముతారు. ఎండ తగిలితే ఆ నురగ నిలవదు. వీధిలో చలిరోజులకే పరిమితమైన ఆ తీపిని ఈ వంటశాల ఏ కాలంలోనైనా బల్ల మీదికి తెచ్చింది. పేరులోని దౌలత్, అంటే సంపద, కళ్లకు కట్టేలా గిన్నె చుట్టూ ఉత్తుత్తి ఐదువందల నోట్లు పెడతారు. అంత అలంకారం మధ్యలోనూ నురగ తేలికదనం చెడదు. పనితనం అంటే అదే.

వేడుకకు వెళ్లేవాళ్లు టేస్టింగ్ మెనూ తీసుకోవడం మేలు. శాకాహారులకూ వేరుగా ఉంది. ఘాటు తర్వాత చల్లదనం, కొవ్వు తర్వాత పులుపు వచ్చేలా వరస కూర్చారు. నడుమ బుల్లి ప్రెషర్ కుక్కర్‌లో దానిమ్మ, చూరన్ (పుల్లని జీర్ణపు పొడి) రుచిగల పుల్ల ఐసు వస్తే పిల్లలకు సంబరం, ఆ చూరన్ రుచి ఎరిగిన పెద్దలకు బడి రోజులు. వేడుక భోజనానికి మూడు తరాలు కలిసి కూర్చుంటాయి. వాళ్లలో ఎవరికీ తమది కాని పళ్లెం ముందు కూర్చున్నట్టు అనిపించకుండా కొత్తను వడ్డించడమే ఈ వంటశాల సాధించిన అసలైన నేర్పు.